ఆరు వరుసలు సరే... ఇరుకులు విడిపించేదెప్పుడు?

2024 సెప్టెంబరు 1న హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారిపై రాకపోకలు నిలిచిపోయాయి. అది పండగ రోజు కాదు, వాహనాలు పోటెత్తిన రోజూ కాదు. నందిగామ సమీపంలోని ఐతవరం వద్ద మున్నేరు వరద రోడ్డు మీదికెక్కింది. రెండు రాష్ట్రాల సరిహద్దులో గరికపాడు దగ్గర పాలేరు వంతెన అప్రోచ్ రోడ్డు కోతకు గురైంది. బస్సులను, లారీలను నార్కట్‌పల్లి దగ్గరే మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరు వైపు మళ్లించాల్సి వచ్చింది. ఇది అనూహ్యమని సరిపెట్టుకోవడానికీ వీల్లేదు. ఏడాది కిందటే, 2023 జులై చివర్లో, అదే ఐతవరం దగ్గర అదే మున్నేరు ఇదే దారిని మూసేసింది.

ఈ రహదారి పేరెత్తితే మనకు గుర్తొచ్చేది మాత్రం సంక్రాంతి. భోగికి రెండు రోజుల ముందు పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరిన కార్లు, చౌటుప్పల్ దాటడానికే గంటలు పట్టిందన్న నిట్టూర్పులు, నాలుగు వరుసలు చాలడం లేదన్న తీర్మానం ఏటా మామూలే. ఇప్పుడు ఆ తీర్మానమే ప్రాజెక్టుగా రూపుదిద్దుకుంది. దండు మల్కాపూర్ నుంచి విజయవాడ వరకు సుమారు 230 కిలోమీటర్ల రహదారిని ఆరు వరుసలకు విస్తరించాలన్న ప్రతిపాదన అంచనా వ్యయం పదివేల కోట్ల రూపాయల స్థాయికి చేరింది. విస్తరణ అవసరమే. కానీ ఈ రహదారి ఎక్కడెక్కడ, ఎందుకు ఆగిపోతోందో చూస్తే, వెడల్పు చాలక ఆగుతున్న చోట్లు తక్కువ. కూడళ్లు, టోల్‌గేట్లు, వాగులు, రెండు కొసల్లోని నగరాల దగ్గర ఆగుతున్నవే ఎక్కువ. వరుసలు పెంచడంతో సరిపెట్టి ఈ ఇరుకులను అలాగే వదిలేస్తే పదివేల కోట్లకు మనం కొనుక్కునేది వేగంగా వెళ్లి నిలబడే సౌకర్యమే.

పాత ఒప్పందం చెప్పే పాఠం

ఒకప్పటి తొమ్మిదో నంబరు జాతీయ రహదారి నేటి ఎన్‌హెచ్–65. పుణెలో మొదలై సోలాపూర్, హైదరాబాద్, సూర్యాపేట, విజయవాడ మీదుగా మచిలీపట్నం చేరుతుంది. ఇందులో మల్కాపూర్–నందిగామ మధ్య దాదాపు 181 కిలోమీటర్లను నాలుగు వరుసలుగా నిర్మించి, నిర్వహించి, టోల్ వసూలు చేసుకునే పద్ధతిలో జీఎంఆర్ సంస్థకు అప్పగించారు. 2012 డిసెంబరు నాటికి రహదారి సిద్ధమైంది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు వద్ద టోల్‌ప్లాజాలు వెలిశాయి. ట్రాఫిక్ పెరిగే కొద్దీ, 2024 నాటికి ఆరు వరుసలు చేయాలన్నది అప్పటి ఆలోచన. భూసేకరణ కూడా చాలావరకు దాన్ని దృష్టిలో పెట్టుకునే జరిగింది.

ఆ ఆలోచన ముందుకు సాగలేదు. 2014లో రాష్ట్ర విభజన జరిగింది. ఇసుక విధానాలు మారి, ఇసుక లారీల రాకపోకలు తగ్గిపోయాయి. అనుకున్న ట్రాఫిక్ లేక నష్టపోయానని నిర్మాణ సంస్థ వాదించింది. వివాదం మధ్యవర్తిత్వానికి, కోర్టులకు ఎక్కింది. చివరికి 2024 జులై 1 నుంచి టోల్ వసూలును జాతీయ రహదారుల సంస్థ తన చేతుల్లోకి తీసుకుంది. ఎవరి వాదనలో బలమెంత అన్నది న్యాయవేదికలు తేల్చాల్సిన విషయం. పాఠం మాత్రం అందరికీ వర్తిస్తుంది. ఒక రహదారి భవిష్యత్తును పాతికేళ్ల ట్రాఫిక్ అంచనా మీద నిలబెట్టినప్పుడు, ఆ అంచనా తప్పితే భారం ఎవరిదో ముందే తేల్చుకోవాలి. అది తేలకపోతే విస్తరణ జరగాల్సిన కాలమంతా వ్యాజ్యాల్లో కరిగిపోతుంది. ఇక్కడ జరిగిందదే.

ఆ అంచనాలను తలకిందులు చేయగల మార్పులు ఇప్పుడు అప్పటికన్నా ఎక్కువగా ఉన్నాయి. సూర్యాపేట–ఖమ్మం నాలుగు వరుసల రహదారి అందుబాటులోకి వచ్చింది. దానికి కొనసాగింపుగా ఖమ్మం నుంచి దేవరపల్లి దాకా 162 కిలోమీటర్ల గ్రీన్‌ఫీల్డ్ దారి నిర్మాణం చేపట్టారు. హైదరాబాద్ నుంచి రాజమహేంద్రవరం, విశాఖపట్నం వెళ్లే లారీ ఇక విజయవాడ ముఖం చూడనక్కర్లేదు. అంటే సూర్యాపేట ఈ రహదారికి చీలిక బిందువు అవుతుంది. హైదరాబాద్–సూర్యాపేట భాగం రెండు దారుల బరువునూ మోస్తుంది. సూర్యాపేట–విజయవాడ భాగంలో పెరుగుదల నెమ్మదించవచ్చు. మరోవైపు, హైదరాబాద్ శివార్లలో తలపెట్టిన ఫ్యూచర్ సిటీ నుంచి అమరావతి మీదుగా మచిలీపట్నం ఓడరేవుకు గ్రీన్‌ఫీల్డ్ రహదారి కావాలని తెలంగాణ ప్రభుత్వం కోరుతోంది. అది వస్తే ఎన్‌హెచ్–65 లెక్క మళ్లీ మారుతుంది. ఒకే మంత్రిత్వశాఖ పరిధిలోని ఈ దారులన్నిటికీ వేర్వేరు ట్రాఫిక్ నివేదికలు తయారుచేసి, ప్రతిదాంట్లోనూ అవే బండ్లను లెక్కపెట్టుకుంటే, పదేళ్ల తర్వాత ఇంకో మధ్యవర్తిత్వ కేసు తప్పదు.

పండగ కోసమా, ఏడాది కోసమా?

రహదారి సామర్థ్యాన్ని ఇంజినీర్లు బండ్ల సంఖ్యతో కాదు, ‘పీసీయూ’ అనే కొలమానంతో లెక్కిస్తారు. కారు ఒక యూనిట్ అయితే, ద్విచక్రవాహనం అర యూనిట్, బస్సు లేదా లారీ మూడు, పెద్ద బహుళ ఇరుసుల లారీ నాలుగున్నర. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం నాలుగు వరుసల దారి రోజుకు 40 వేల పీసీయూల వరకు హాయిగా, 60 వేల దాకా ఓ మోస్తరుగా మోయగలదు. ఆరు వరుసలకైతే ఆ హద్దులు 60 వేలు, 90 వేలు. ఈ లెక్కలు అడ్డంకులు లేని దారికే వర్తిస్తాయి. మధ్యలో డివైడర్ తెరిచి యూటర్న్ ఇచ్చినా, ఊరి రోడ్డు నేరుగా వచ్చి కలిసినా, ట్రాక్టరు ఎదురుదారిలో వచ్చినా కాగితం మీది సామర్థ్యం రోడ్డు మీద ఉండదు.

రద్దీ గంటను ఎంచుకోవడంలోనూ ఒక విధానం ఉంది. ఏడాదిలోని 8,760 గంటల్లో అత్యంత రద్దీ గంటకు రోడ్డును రూపొందించరు. రద్దీ క్రమంలో 30వ స్థానంలో ఉన్న గంటను ప్రాతిపదికగా తీసుకోవడం ఇంజినీరింగ్ సంప్రదాయం. భోగి ముందటి రాత్రి, కనుమ మర్నాడు తిరుగు ప్రయాణం ఆ పైనున్న గంటల్లోకి వస్తాయి. వాటికి సరిపడేంత రోడ్డు వేస్తే మిగతా ఏడాదంతా సగం రోడ్డు ఎండలో పడి ఉంటుంది. కాబట్టి సంక్రాంతి రద్దీని చూపించి ఆరు వరుసలను సమర్థించడం సరైన వాదన కాదు. విస్తరణకు అసలైన కారణం మామూలు రోజుల్లో పెరుగుతున్న సరకు రవాణా, వారాంతపు ప్రయాణాలు, పక్క ఊళ్ల నుంచి నగరాలకు రోజువారీ రాకపోకలు.

పండగ రద్దీకి వేరే మందు కావాలి. సొంతూరి వైపు వెళ్లే దిశలో ఆ నాలుగు రోజులూ అదనపు టోల్ గేట్లు తెరవాలి. వరుస పరిమితి దాటగానే గేట్లు ఎత్తేసే అధికారం ప్లాజా స్థాయిలోనే ఉండాలి. నార్కట్‌పల్లి–అద్దంకి దారిని గుంటూరు, ప్రకాశం, నెల్లూరు వైపు వెళ్లేవారికి ముందునుంచే సూచించాలి. రైళ్లు పెంచాలి. బీబీనగర్–నడికుడి–గుంటూరు రైలు మార్గం డబ్లింగ్‌కు 2023లో కేంద్రం ఆమోదం తెలిపింది. నల్గొండ, మిర్యాలగూడ మీదుగా వెళ్లే ఈ మార్గం రహదారికి దాదాపు సమాంతరంగా సాగే సహాయక మార్గమే. రెండో లైను పూర్తయితే సరకులోనూ ప్రయాణికుల్లోనూ కొంత భారం రోడ్డు మీంచి దిగుతుంది. రోడ్డు ప్రణాళిక రాసేవారి బల్ల మీద రైలు ప్రణాళిక కూడా ఉండాలన్నది అందుకే.

కాలువ వెడల్పు చేసి తూము వదిలేస్తే

డెల్టా రైతుకు తెలిసిన సంగతే ఇది: కాలువను ఎంత వెడల్పు చేసినా, పొలంలోకి పారే నీటిని నిర్ణయించేది తూమే. ఈ రహదారికి తూములు రెండు కొసల్లో ఉన్నాయి.

పడమటి దిక్కున హైదరాబాద్ కొస చూద్దాం. పెద్ద అంబర్‌పేట వద్ద అవుటర్ రింగ్ రోడ్డు ఉంది. అక్కడినుంచి హయత్‌నగర్, వనస్థలిపురం మీదుగా ఎల్బీనగర్ దాకా ఉన్నది పేరుకు జాతీయ రహదారే కానీ, నిజానికి నగర వీధి. బస్టాపులు, దుకాణాలు, కాలనీల మలుపులు, రోడ్డు దాటే జనం అన్నీ అక్కడే. ఆరు వరుసల్లో గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వచ్చిన వాహనం ఇక్కడ ఎడ్లబండి నడక నడుస్తుంది. హైదరాబాద్‌కే దీనికి పాఠం ఉంది. 2009లో ప్రారంభమైన 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే విమానాశ్రయ ప్రయాణాన్ని ఎంతో తేలిక చేసింది. కానీ దిగువకు దిగాక మెహిదీపట్నం దగ్గర రద్దీ అలాగే ఎదురైంది. పై దారి ఎంత సాఫీగా ఉన్నా దిగే చోటు సిద్ధంగా లేకపోతే ఆదా అయిన నిమిషాలన్నీ అక్కడే ఖర్చవుతాయి.

విజయవాడ కొస మరీ చిక్కు. ఇంద్రకీలాద్రి కొండకూ కృష్ణానదికీ మధ్య దారి సహజంగానే ఇరుకు. దాన్ని దాటించడానికి 2.6 కిలోమీటర్ల కనకదుర్గ ఫ్లైఓవర్ కట్టారు. 2016 కృష్ణా పుష్కరాల నాటికి పూర్తి కావాల్సింది 2020 అక్టోబరులో ప్రారంభమైంది. బెంజి సర్కిల్ దగ్గర రెండు ఫ్లైఓవర్లు వచ్చాయి. ఇవి నగరానికి ఊపిరి పోసిన మాట నిజమే. కానీ విజయవాడలో పని లేకుండా కేవలం దాటిపోవాల్సిన లారీకి ఫ్లైఓవర్ జవాబు కాదు, బైపాస్ జవాబు. చిన్నఅవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా కాజ వరకు వేసిన పశ్చిమ బైపాస్, గొల్లపూడి–వెంకటపాలెం మధ్య కృష్ణపై కట్టిన మూడు కిలోమీటర్ల పైచిలుకు వంతెన ఆ లోటు తీర్చడానికే. అందువల్ల గొల్లపూడి ఇక ఒక శివారు గ్రామం కాదు. హైదరాబాద్, చెన్నై, కోల్‌కతా దిశల వాహనాలు దారి మార్చుకునే ముఖ్య కూడలి. దీనికి తోడు మూలపాడు దగ్గర నుంచి కృష్ణ దాటి రాయపూడికి చేరే ఐకానిక్ వంతెన ప్రతిపాదన ఉంది. అమరావతికి వెళ్లే హైదరాబాద్ వాహనం అక్కడే మలుపు తిరుగుతుంది. అంటే ఇబ్రహీంపట్నం–గొల్లపూడి మధ్య కొద్ది కిలోమీటర్లలోనే రెండు భారీ కూడళ్లు. వీటిని వేర్వేరు సంస్థలు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు పటాల మీద గీసుకుంటూ పోతే ఒకటి రెండోదాని గొంతు నొక్కుతుంది.

కొసల మధ్యలో ఊళ్లున్నాయి. చౌటుప్పల్, చిట్యాల, నకిరేకల్, సూర్యాపేట, మునగాల, కోదాడ, జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల. ప్రమాదాలు తరచూ జరిగే బ్లాక్ స్పాట్లు 17 ఈ దారిలో గుర్తించి, అండర్‌పాస్‌లు, వంతెనలు, సర్వీసు రోడ్ల పనులు చేపట్టారు. వరుసలు పెరిగే కొద్దీ ఈ పనుల ప్రాధాన్యం రెట్టింపవుతుంది. నాలుగు వరుసల దారిని పరుగున దాటే రైతు, ఆరు వరుసలను అలా దాటలేడు. పొలం ఒక వైపు, ఇల్లు మరో వైపు ఉన్నవాళ్లకు రెండు కిలోమీటర్ల అవతల యూటర్న్ చూపిస్తే వాళ్లు ఎదురుదారి పడతారు. తప్పు వాళ్లదే అని చలానా రాయొచ్చు, కానీ ఆ తప్పును పుట్టించింది పటం గీసిన చేయి. ఊరికో అండర్‌పాస్, రెండు వైపులా ఎడతెగని సర్వీసు రోడ్డు లేకుండా ఆరు వరుసలు వేయడం వేగాన్నీ ప్రమాదాన్నీ కలిపి పెంచడమే.

నీటి దారి, బండి దారి

విస్తరణ నివేదికల్లో సాధారణంగా తక్కువ పేజీలు దక్కేది నీటికి. ఎన్‌హెచ్–65 మూసీ, పాలేరు, మున్నేరులను, లెక్కలేనన్ని చెరువు అలుగు కాలువలను అడ్డంగా దాటుతుంది. ఈ నదులన్నీ ఉత్తరం నుంచి దక్షిణానికి, కృష్ణ వైపు పారతాయి. రహదారి పడమర నుంచి తూర్పుకు సాగుతుంది. అంటే రోడ్డు కట్ట మొత్తం నీటికి అడ్డంగా వేసిన ఆనకట్టలాంటిది. అందులో వంతెనలు, కల్వర్టులు మాత్రమే నీళ్లు పోయే సందులు.

ఐతవరం దగ్గర జరిగేది దీనికి చక్కటి ఉదాహరణ. మున్నేరు వంతెన ఒకచోట ఉంటే, పొంగిన వరద వంతెన వరకు రాకుండానే పొలాల మీదుగా పక్కకు పరచుకుని తగ్గుగా ఉన్న చోట రోడ్డెక్కింది. కృష్ణలోనూ వరద ఉన్నప్పుడు మున్నేరు నీళ్లు కిందికి దిగక వెనక్కి తన్నుతాయి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. 2009లో నమోదైన సుమారు 11.1 లక్షల రికార్డును అది దాటింది. దీనికి రోడ్డు ఎత్తు పెంచడమే పరిష్కారం అనుకుంటే పొరపాటు. కట్ట ఎత్తు పెంచి కింద నీటికి దారి పెంచకపోతే రహదారి బతుకుతుంది, ఎగువన ఊళ్లు మునుగుతాయి. అక్కడ కావాల్సింది కొంత దూరం పాటు స్తంభాల మీద నిలిచే వయాడక్ట్, లేదా కట్ట పొడవునా తగినన్ని వెంట్లు. ఖర్చు ఎక్కువే. అయితే రెండు రాజధానుల మధ్య దారి ఒక్క రోజు మూతపడితే కలిగే నష్టాన్ని కూడా అదే తక్కెడలో వేసి చూడాలి.

పాత వంతెన పక్కన కొత్త వంతెన కట్టేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. రెండింటి స్తంభాలు ఒకే వరుసలో రాకపోతే వరదకు అడ్డు పెరిగి కోత ఎక్కువవుతుంది. పాలేరు దగ్గర దెబ్బతిన్నది అప్రోచ్ రోడ్డు అన్న సంగతి మరవకూడదు. వంతెన కొలతలు ఎంత కచ్చితంగా ఉన్నా, దాని రెండు భుజాలకు రక్షణ గోడలు, రాతి పేర్పు లేకపోతే వరద అక్కడే పని కానిస్తుంది. పెద్ద వంతెనలను వందేళ్లకోసారి వచ్చే వరదను లెక్కలోకి తీసుకుని రూపొందించాలన్నది నియమం. కానీ ఆ లెక్కకు ఆధారం పాత వర్షపాత రికార్డులు. 2023, 2024 వరదలను కూడా చేర్చి ఆ లెక్క మళ్లీ వేయకుండా ఒక్క కొత్త స్తంభమూ లేవకూడదు.

వినే వేదిక ఎక్కడ?

ఈ మాటలన్నీ చెప్పగలిగిన వాళ్లు రహదారి పక్కన ఉన్నారు. ఏ వాగు ఎటు పొంగుతుందో, ఏ మలుపులో ఎంతమంది పోయారో ఐతవరం రైతుకు, మునగాల హోటలు యజమానికి తెలిసినంతగా కన్సల్టెన్సీకి తెలియదు. కానీ వాళ్లు మాట్లాడే వేదిక చట్టప్రకారం అంతగా లేదు. 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌కు 2013లో చేసిన సవరణ ప్రకారం, వంద కిలోమీటర్లు దాటిన జాతీయ రహదారి విస్తరణకైనా, ఉన్న దారి వెంట అదనంగా 40 మీటర్లకు మించి, బైపాస్‌లలో 60 మీటర్లకు మించి భూమి అవసరమైతేనే పర్యావరణ అనుమతి తప్పనిసరి. అప్పుడే ప్రజాభిప్రాయ సేకరణ. భూమి చాలావరకు ముందే సేకరించిన ఈ రహదారి ఆ పరిమితికి లోబడే ఉండిపోయే అవకాశముంది. అంటే పదివేల కోట్ల పని ఒక్క బహిరంగ విచారణ లేకుండా టెండరు దాకా వెళ్లగలదు. భూమి కోల్పోయేవారికి జాతీయ రహదారుల చట్టం కింద అభ్యంతరాలు చెప్పుకునే హక్కుంది, 2013 భూసేకరణ చట్టం స్థాయి పరిహారమూ వస్తుంది. భూమి కోల్పోకుండా దారి మాత్రం కోల్పోయే వాళ్ల మాటేమిటి? చట్టం అడగకపోయినా మండలానికో బహిరంగ సభ పెట్టి అండర్‌పాస్‌ల జాబితాను అక్కడే ఖరారు చేయడానికి రెండు రాష్ట్ర ప్రభుత్వాలకు ఏ అడ్డంకీ లేదు.

ఏ వరుసలో చేయాలి?

మామూలుగా మన దగ్గర పనులు తేలికైన చోట మొదలవుతాయి. ఖాళీ పొలాల మధ్య సాఫీగా ఉన్న భాగంలో రోడ్డు ముందే వెడల్పవుతుంది. ఫ్లైఓవర్లు, వంతెనలు, ఊళ్ల దగ్గరి పనులు భూమి తగాదాలతో, విద్యుత్ స్తంభాల తరలింపుతో ఏళ్లకేళ్లు వెనకబడతాయి. కిలోమీటర్ల లెక్కన ప్రగతి కనిపిస్తుంది, ప్రయాణ కాలం మాత్రం తగ్గదు. ఈ క్రమం తిరగబడాలి. ఐతవరం, గరికపాడు దగ్గరి నీటి పనులు, గొల్లపూడి–ఇబ్రహీంపట్నం కూడళ్లు, హయత్‌నగర్ వైపు నగర ప్రవేశం, ఊళ్ల దగ్గర అండర్‌పాస్‌లు మొదటి దశ కావాలి. ఇవి పూర్తయితే ఇప్పుడున్న నాలుగు వరుసలే మరింత మెరుగ్గా పనిచేస్తాయి. ఆపైన హైదరాబాద్–సూర్యాపేట, చివరగా సూర్యాపేట–విజయవాడ విస్తరణ చేపట్టాలి. గుత్తేదారుకు టోల్ పెంచుకునే వెసులుబాటును అదనపు వరుసలకు కాక ఈ కట్టడాల పూర్తికి ముడిపెడితే క్రమం దానంతటదే సరవుతుంది.

దీనికి రెండు రాష్ట్రాలూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. ఏపీ పునర్విభజన చట్టం 13వ షెడ్యూలు కొత్త రాజధాని నుంచి హైదరాబాద్‌కు వేగవంతమైన రైలు, రోడ్డు అనుసంధానం గురించి ప్రస్తావించింది. ఆ హామీని కేవలం కేంద్రం తీర్చాల్సిన బాకీగా కాక, రెండు ప్రభుత్వాల ఉమ్మడి పనిగా తీసుకోవచ్చు. గ్రీన్‌ఫీల్డ్ దారి, ఖమ్మం–దేవరపల్లి, పశ్చిమ బైపాస్, ఐకానిక్ వంతెన, రైలు డబ్లింగ్ అన్నిటినీ ఒకే ట్రాఫిక్ నమూనాలో పెట్టి చూసే ఉమ్మడి కమిటీ వేయాలి. ఆ నమూనా అంకెలను ప్రజల ముందు ఉంచాలి. ప్రాజెక్టు నివేదిక అన్నది రహస్య పత్రం కాదు. ముప్పై ఏళ్లపాటు టోల్ కట్టబోయేది మనమే కనుక, ఎన్ని బండ్లు వస్తాయని లెక్కేశారో అడిగే హక్కు మనకుంది.

టెండరు పిలిచే ముందు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి పట్టే కాలం నెలల్లో ఉంటుంది. చెప్పకుండా మొదలుపెడితే పోయే కాలం ఎంతో ఈ రహదారే ఒకసారి చూపించింది. 2012లో నాలుగు వరుసలు పూర్తి చేసిన దారిని 2024 నాటికి ఆరు చేయాలనుకున్నాం. ఆ గడువు దాటాక కూడా మనం ఇంకా నివేదికల దగ్గరే ఉన్నాం.